పితామహ స్మరణము

శ్రీవైష్ణవ గృహాలలో నిత్యమూ పారాయణ చేయబడే విష్ణు సహస్రనామ స్తోత్రం ఒక తాత తన మనుమనికి చేసిన ఉపదేశం. ఈ సంగతి మనకందరికీ తెలిసినదే. అయినా దానిని గురించి ఒక్క క్షణం నిలిచి ఆలోచించేవారు అరుదు. కురుక్షేత్ర యుద్ధం ముగిసిన పిమ్మట ధర్మరాజు మనస్సు శాంతించలేదు. రాజ్యం చేతికి వచ్చినది. బంధువధ వలన కలిగిన దుఃఖం మాత్రం తీరలేదు. అట్టి స్థితిలో శ్రీకృష్ణ పరమాత్మ, సమస్త ధర్మాలనూ తానే ఉపదేశింప సమర్థుడై యుండి కూడ, అంపశయ్యపై ఉత్తరాయణానికై వేచియున్న భీష్మ పితామహుని వద్దకు అతనిని తోడ్కొని పోయినాడు. తాతను అడిగి తెలిసికొమ్మన్నది సాక్షాత్తు భగవంతుని ఆదేశం.

ఆ తాత తన వంశానికి చేసిన సేవ సామాన్యమైనది కాదు. తండ్రి సుఖం కొరకు రాజ్యాన్నీ గృహస్థ జీవితాన్నీ వదలుకొని, తరువాతి తరాల వారిని పెంచి పెద్దచేసి కాపాడినవాడు భీష్ముడు. అయినా ఆయన చరిత్రలో ఒక మచ్చ ఉన్నది. నిండు సభలో ద్రౌపదికి అవమానం జరుగుచున్నప్పుడు, ఆమె ధర్మమేమని నిలదీసి ప్రశ్నించినప్పుడు, ఆయన తిన్నని సమాధానం చెప్పలేకపోయినాడు. పాండవులు దానిని మరువలేదు. యుద్ధంలో ఆయన ఎదుటి పక్షాన నిలిచిన సంగతిని కూడ మరువలేదు. మరువకయే ఆయన పాదాల చెంత కూర్చున్నారు. పెద్దలను గౌరవించుట అనగా వారి లోపాలకు కన్నులు మూసికొనుట కాదనీ, లోపాలు తెలిసి కూడ వారు మోసిన బరువును గుర్తించుట అనీ ఈ ఘట్టం మనకు తెలుపుచున్నది.

ఇక మన ఇళ్ళ సంగతి చూతము. దాదాపు ప్రతి కుటుంబంలోనూ కష్టపడి పనిచేసిన ఒక తాతగారి కథ ఉంటుంది. రాళ్ళ నేలను చదును చేసి సాగులోకి తెచ్చిన తాత, మగ్గం గుంటలో కూర్చుండి కూర్చుండి నడుము వంగిపోయిన తాత, అరుగు మీద పిల్లలను చేర్చి అక్షరాలు దిద్దించిన తాత, కావడి భుజాన వేసికొని ఊరూరా తిరిగి సరకు అమ్మిన తాత. పండుగనాడో, ఆబ్దికంనాడో బంధువులంతా చేరినప్పుడు ఆయన పడిన కష్టాన్ని చెప్పుకొని కన్నులు తడిచేసికొంటాము. ఆ మరునాడు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోతాము. ఇంతటితో మన విధి తీరినదా? కష్టజీవి అయిన తాతను స్మరించుట అనగా నిజముగా ఏమి చేయుట? ఈ ప్రశ్నను గురించి కొంత విచారింపవలసి యున్నది.

మానవుడు మూడు ఋణాలతో జన్మించునని వేదం చెప్పుచున్నది. దేవఋణం యజ్ఞం చేతను, ఋషిఋణం అధ్యయనం చేతను, పితృఋణం సంతానం చేతను తీరును. ఈ పితృఋణానికి గుర్తుగానే మనం నువ్వులతో, నీళ్ళతో తర్పణం విడుచుచున్నాము. అందులో తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. తల్లికీ, తండ్రి తల్లికీ, తాత తల్లికీ కూడ నీరు విడుతుము. తాత ఈ మూడు మెట్లలో నడిమి మెట్టు. మనం కన్నులారా చూచిన తండ్రికీ, చాలమంది చూచి యెరుగని ముత్తాతకూ నడుమ వంతెన ఆయనయే.

ఇందులో గమనింపదగిన విశేషం మరొకటి కలదు. ఒక తరం గడచి కొత్త పేరు చేరినప్పుడు, పైనున్న పేరు తర్పణంలో నుండి తప్పుకొనును. ముత్తాత తండ్రి పేరేమని అడిగినచో మనలో ఎందరు చెప్పగలరు? శాస్త్రం దీనిని లోపంగా భావించలేదు. మనిషి పేరు మూడు తరాలకంటె ఎక్కువకాలం ఇంటిలో నిలువదని ఎరిగియే ఈ ఏర్పాటు చేసినది. అనగా పేరును శాశ్వతంగా నిలుపుట పితృఋణం తీర్చుట కాదు. పేరు జారిపోయిన తరువాత కూడ నిలిచేది మరొకటి ఉండవలెను. అది ఏది అన్నదే ఇక్కడి విచారం.

మన గురుపరంపరలోనే దీనికి చక్కని సమాధానం దొరుకుచున్నది. శ్రీమన్నాథమునులు ఆళ్వారుల నాలాయిర దివ్య ప్రబంధాన్ని వెదకి సంపాదించి, రాగతాళాలు కూర్చి, తన మేనల్లుళ్ళిద్దరికీ నేర్పి లోకానికి అందించినవారు. ఈనాడు దేవాలయాలలో తిరువాయ్‌మొళి వినిపించుచున్నదన్నచో ఆయన పడిన శ్రమయే దానికి కారణం. కొన్ని పాశురాలు చెవిని పడగానే మిగిలినవి ఎక్కడ లభించునో తెలిసికొనుటకు బయలుదేరి, కురుకూరు చేరి, అక్కడ మధురకవుల ప్రబంధాన్ని 12,000 పర్యాయాలు అనుసంధించి నమ్మాళ్వారుల అనుగ్రహాన్ని పొందినారని పెద్దలు చెప్పుదురు. ఆయన మనుమడు యామునాచార్యులు.

ఆ మనుమడు మొదట తాత మార్గాన నడచినవాడు కాడు. బాల్యంలోనే రాజసభలో వాదం గెలిచి, రాజ్యభాగాన్ని పొంది, భోగభాగ్యాలలో మునిగియుండెను. నాథమునుల శిష్యులైన ఉయ్యక్కొండార్, వారి శిష్యులైన మణక్కాల్ నంబి ఆ పిల్లవానిని గురించి నాథమునులు చెప్పిన మాటను మరువక కాపాడుకొంటూ వచ్చినారు. రాజుగారి దర్శనం దొరుకుట కష్టం గనుక, మణక్కాల్ నంబి ఆయనకు ప్రీతియైన ఒక ఆకుకూరను ప్రతిదినమూ వంటశాలకు అందించి, కొంతకాలానికి మానివేసినారు. కూర ఏమైనదని రాజు అడిగినాడు. ఆ విధంగా దర్శనం లభించినది. మీ తాతగారు మీకొక నిధిని దాచియుంచినారు, దానిని అప్పగించుటకు వచ్చితిని అన్నారు నంబి. క్రమంగా గీతార్థం ఉపదేశించి, శ్రీరంగానికి తోడ్కొనిపోయి, శేషశయనుడైన రంగనాథుని చూపి, ఇదియే ఆ నిధి అన్నారు.

తాత మనుమనికి దాచిన ఆస్తి ఏదో ఈ కథ చెప్పుచున్నది. అయితే మనుమడు దానిని ఏ విధంగా స్వీకరించినాడన్నది అంతకంటె ముఖ్యం. యామునులు రచించిన స్తోత్రరత్నం నాథముని వందనంతో ప్రారంభమై, నాథముని స్మరణతోనే ముగియును. ముగింపులో ఆయన భగవంతుని కోరినదేమనగా: నా నడవడిని లెక్కింపవద్దు, మా తాతను చూచి నన్ను అనుగ్రహింపుము అని. లోకంలో తాత పేరు చెప్పుకొనేవారు సాధారణంగా తమ గొప్పను పెంచుకొనుటకు చెప్పుకొందురు. ఫలానావారి మనుమడను గనుక నాకు పెద్దపీట వేయవలెనందురు. యామునులు తాత పేరును తన అల్పత్వాన్ని ఒప్పుకొనుటకు ఉపయోగించినారు. స్మరణకూ వంశగర్వానికీ గల భేదం ఇక్కడ తేటపడుచున్నది. తాత పేరు తలచినప్పుడు తల వంగినచో అది స్మరణ. తల ఎగసినచో అది గర్వం.

యామునులు కూడ తన పనినంతటినీ పూర్తిచేసి వెళ్ళినవారు కారు. ఆయన పరమపదించిన పిమ్మట వారి చేతి వ్రేళ్ళు మూడు ముడుచుకొని యుండెననీ, అవి తీరని మూడు కోరికలకు గుర్తులనీ, రామానుజులు వచ్చి వాటిని నెరవేర్తునని ప్రతిజ్ఞ చేయగా ఒక్కొక్కటిగా విచ్చుకొనెననీ సంప్రదాయం. బ్రహ్మసూత్రాలకు భాష్యం వ్రాయుట వాటిలో ఒకటి. పెద్దలకు అంజలి ఘటించుటతో పని ముగియదు. వారు ముగింపలేకపోయిన దానిని మనం ముగింపవలెను. రామానుజులు ఆ దివ్యదేహం ముందు చేసినది ఇదియే.

తెలుగు నేల మీద ఇట్టి మరొక వంశం ఉన్నది. రాజంపేట సమీపంలోని తాళ్ళపాక గ్రామం పేరు వినని వేంకటేశ్వర భక్తుడుండడు. అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించినారు. స్వామి సాక్షాత్కారం పదునారవ యేట కలిగినదనీ, నాటినుండి అంత్యకాలం వరకు సంకీర్తనలు రచించినారనీ రాగిరేకు మీదనే వ్రాసియున్నది. అనగా దాదాపు 79 సంవత్సరాల ఎడతెగని శ్రమ. ఆయన రచించిన సంకీర్తనలు 32,000 అని ప్రసిద్ధి. భక్తి అనగా పారవశ్యం మాత్రమే అని తలచేవారు ఈ లెక్కను గమనింపవలెను. ఒంట్లో నలతగా ఉన్ననాడు, ఇంట చిక్కులున్ననాడు, మనస్సు సహకరింపనినాడు కూడ ఆయన పని ఆగియుండదు.

అన్నమయ్య జీవితం మనకు తెలియుటకు కారణం ఆయన మనుమడు. పెద తిరుమలాచార్యుని కుమారుడైన చిన తిరువేంగళనాథుడు, చిన్నన్న అని పిలువబడువాడు, తన తాతగారి చరిత్రను ద్విపదలో వ్రాసినాడు. ఈ కావ్యాన్ని వేటూరి ప్రభాకర శాస్త్రిగారు విపులమైన పీఠికతో 1949లో వెలువరించినారు. మనుమడు తాతను గురించి వ్రాయునప్పుడు ఏమి చెప్పవలెను, ఏమి దాచవలెను అన్న ప్రశ్నకు చిన్నన్న చూపిన దారి ఆదర్శప్రాయం. అన్నమయ్య తాతయైన నారాయణయ్య బాల్యంలో చదువు అబ్బక, గురువు శిక్షలకు తాళలేక, ఊటుకూరులో చింతలమ్మ గుడివద్ద పాముపుట్టలో చేయి పెట్టి ప్రాణం విడువదలచినాడని ఆయన దాచక చెప్పినాడు. అమ్మవారు ప్రత్యక్షమై, నీ మూడవ తరంలో మహాభక్తుడు జన్మించునని ఊరడించినదట. అన్నమయ్యను సైతం పాటలు పాడుచు తిరుగుచున్నాడనీ, పనిపాటలు పట్టించుకొనడనీ ఇంటివారు విసుగుకొనిన సంగతిని చిన్నన్న చెప్పినాడు. పసరములకు గడ్డి కోసికొని రమ్మని పంపగా, కొడవలితో చిటికెనవ్రేలు తెగినదనీ, ఆ క్షణాన ఈ బంధాలు తనవి కావని తోచి తిరుమల యాత్రికులతో కలిసిపోయినాడనీ వ్రాసినాడు. వంశంలో చదువురాని పిల్లవాడు ఉండెనని చెప్పుటకు ఆయన సిగ్గుపడలేదు. ఇంటివారు మహాత్ముని గుర్తింపలేదని చెప్పుటకూ వెనుదీయలేదు. అందుచేతనే ఆ కథ నమ్మదగినదై నిలిచినది.

ఆ శ్రమ ఒక్క అన్నమయ్యది మాత్రమే కాదు. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణాన్ని రచించి, తెలుగులో తొలి కవయిత్రిగా పేరొందినది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి స్వామి సన్నిధిని భద్రపరచినాడు. తాను కూడ తండ్రి అడుగుజాడలలో సంకీర్తనలు రచించినాడు. అన్నమయ్య సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం నేడు మనకు దొరకదు. దానిని మరొక మనుమడైన చిన తిరుమలాచార్యుడు తెలుగు చేసినందున అందలి విషయం మనకు దక్కినది. తాత గ్రంథం పోయినది; మనుమని శ్రమ వలన తాత భావం నిలిచినది. రేకుల మీద అక్షరాలు చెక్కిన పనివారి పేర్లు మనలో ఎవరికీ తెలియవు. వారి చేతిపని మాత్రం ఇంకను మన కన్నుల ఎదుట ఉన్నది. శతాబ్దాల పాటు తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో మరుగుపడియున్న ఆ రేకులు ఇరువదవ శతాబ్దంలో వెలికి వచ్చి, ఈనాడు ఇంటింటా పాటలై వినిపించుచున్నవి. ముందు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరకుచున్నది. పేరుకంటె ఎక్కువకాలం నిలిచేది పని.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. వారు మహాత్ములు, వారి పని భగవత్కైంకర్యం. మా తాతగారు కేవలం రైతు. తెల్లవారి లేచినది మొదలు పొద్దు గ్రుంకేవరకు మట్టిలో బ్రతికినారు. పూజకు కూడ ఆయనకు తీరిక చిక్కలేదు. అట్టివారి జీవితానికి పారమార్థికంగా విలువ ఏమి?

శ్రీ వేంకటాచల మాహాత్మ్యం ఈ సందేహాన్ని ముందే తీర్చియున్నది. కురువ గ్రామంలోని భీముడనే కుమ్మరి కథ యాత్రికులకు సుపరిచితం. కుండలు చేయుట అతని వృత్తి. కొండ ఎక్కి స్వామిని సేవించుటకు తీరిక లేదు. ఇంటనే స్వామి ప్రతిమను నిలుపుకొని, దినమంతా పనిచేసిన పిదప చేతికి మిగిలిన మట్టితో పూవులు చేసి సమర్పించెడివాడు. తొండమాన్ చక్రవర్తి బంగారు పూవులతో అర్చించుచుండగా, స్వామి పాదాల వద్ద మట్టి పూవులు కనబడెడివట. చక్రవర్తి ఆశ్చర్యపడి విచారింపగా, స్వామి ఆ కుమ్మరి ఇంటికి దారి చూపినాడు. నేటికీ తిరుమలలో శ్రీవారికి క్రొత్త మట్టి ఓడులో నైవేద్యం జరుగుచున్నది. కుమ్మరి తన పనిని విడిచి భక్తుడు కాలేదు. పని చేసిన చేతులతోనే భక్తుడైనాడు. తన ధర్మమైన కర్మచేత భగవంతుని అర్చించినవాడు సిద్ధిని పొందునని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయంలో ఉపదేశించినది ఇదియే గదా.

ఈ సందర్భంలో మా తాతగారిని గురించి కొంత చెప్పుట అప్రస్తుతం కాదు. ఆయన కడపసీమలో ఒక పల్లెలో కొద్దిపాటి మెట్ట భూమి గల రైతు. చదువు సంతకం వరకే. ఆ భూమిలో బావి త్రవ్వుటకు ఆయనకు మూడు వేసవులు పట్టినవి. కరెంటు మోటార్లు మా ఊరికి రాని కాలం అది. కపిలతోనే నీరు తోడవలెను. మోకు బిగించి, ఎద్దులను వాలుదారిలో ముందుకు తోలుట, బాన పైకి వచ్చి కాలువలో కుమ్మరింపబడగానే వాటిని వెనుకకు నడిపించుట, మరల తోలుట. కోడికూతకు ముందు మొదలైన ఈ పని ఎండ ముదిరే వరకు సాగెడిది. బాన కుమ్మరించిన ప్రతిసారి ఆయన గోవిందా అనెడివారు. పది బానలకొక గులకరాయి గట్టు మీద పెట్టెడివారు. అది లెక్కయా, నామజపమా అని ఎవరైన అడిగినచో నవ్వి ఊరుకొనెడివారట. ఇంటి చూరుకు పిచ్చుకల కొరకు కొర్ర కంకులు కట్టుట ఏ సంవత్సరమూ మానలేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత కూడ ఆయన కొండకు నడిచియే వెళ్ళినారు. జీవితంలో వెళ్ళినది ఒక్కసారి. బావి నీటితో పండిన తొలిపంట సొమ్ములో నుండి ముడుపు కట్టుకొని, అలిపిరి మెట్లన్నీ ఎక్కి, చెల్లించి వచ్చినారు.

ఆయన కష్టాన్ని గురించి మా కుటుంబంలో అందరూ చెప్పుకొనెడివారు. అయితే కపిల పని ఒక్కరితో అయ్యేది కాదు. బావివద్ద ఎద్దులను తోలేవారు ఒకరైతే, చేనిలో మడవలు తిప్పి నీటిని మడి మడికి చేర్చేవారు మరొకరు ఉండవలెను. ఆ పని మా అవ్వది. తెల్లవారకముందే ఇంట సంగటి కెలికి, మజ్జిగ చిలికి, పసిపిల్లను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యెలలో వేసి, పార పట్టుకొని మోకాటి లోతు బురదలో నిలిచెడిది. నీరు తోడినది తాత, దానిని పైరుకు చేర్చినది అవ్వ. కథ చెప్పుకొనునప్పుడు బావి పేరు తాతగారిది అయినది. మడవల మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక ఆబ్దికంనాడు భోజనాలైన పిదప తాతగారి కష్టాన్ని గురించి మాటలు సాగుచుండగా, సంవత్సరం సంవత్సరం కర్మ చేసే మా పెదనాన్నగారు నెమ్మదిగా ఒక మాట అన్నారు. "మా నాయన పడిన కష్టాన్ని మీరు చెప్పుకుంటున్నారు, సంతోషమే నాయనా. అయితే ఆ కష్టంలో నా చదువు కూడా కలిసి ఉంది." అయిదవ తరగతి చదువుచున్న ఆయనను తాతగారు బడి మాన్పించి కపిలకు నిలిపినారు. ఇద్దరు మనుష్యులు చాలని పనికి మూడవ మనిషి కావలసి వచ్చినది. ఆ పంటతో తమ్ములిద్దరూ చదువుకొని ఉద్యోగస్థులైనారు. పెదనాన్నగారి మాటలో కోపం లేదు. తండ్రిని నిందించవలెనన్న ఉద్దేశమూ లేదు. కాని ఆ మాట తరువాత పంచలో కొంతసేపు ఎవరూ మాటాడలేకపోయినారు.

కష్టజీవి అయిన తాతను స్మరించుటలోని అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. ఒక మనిషి కష్టపడి కుటుంబాన్ని నిలిపినాడన్నప్పుడు, ఆ కష్టానికి మూల్యం ఆయన ఒక్కడే చెల్లించి యుండడు. భార్య ఆరోగ్యం, పెద్దకొడుకు చదువు, ఇంటి ఆడపిల్లల బాల్యం అందులో కలిసి యుండును. చేయక తప్పని పరిస్థితి గనుక తాతను తప్పుపట్టలేము. అట్లని ఆ మూల్యాన్ని లెక్కలో నుండి తీసివేయుటకు మనకు అధికారం లేదు. భీష్ముని మౌనాన్ని మహాభారతం దాచలేదు. నారాయణయ్య చదువు సంగతిని చిన్నన్న దాచలేదు. మనం మాత్రం ఎందుకు దాచవలెను?

ఆనాడు మా నాన్నగారూ, చిన్నాన్నగారూ అన్నగారికి సమాధానంగా ఏమీ చెప్పలేదు. ఆ వేసవి తరువాత పెదనాన్నగారి మనుమరాలి చదువు బాధ్యతను ఇద్దరూ తీసికొన్నారు. ఇది దానమని గాని, ఉపకారమని గాని ఎవరూ అనలేదు. అన్నగారికి చెల్లింపవలసిన బాకీ అని మా నాన్నగారు ఒకే ఒక్కసారి అన్నట్లు గుర్తు. ఆ పిల్ల నేడు ఉపాధ్యాయురాలు. తాతగారు ముగింపలేకపోయిన పనులలో ఒకటి ఆ విధంగా ముగిసినదని నా భావన. ఆబ్దికంనాడు పెట్టిన పిండానికి తోడు ఇది కూడ ఆయనకు ముట్టియుండునని నమ్ముటలో దోషం లేదనుకొందును.

ఇంకొక ఆక్షేపణ కలదు. సర్వమూ భగవంతునిదే అని శరణాగతి చేసినవారికి తాత, తండ్రి అను దేహసంబంధాల మీద ఈ ఆసక్తి ఎందుకు? అది మమకారం కాదా? ఈ ప్రశ్నకు బలి చక్రవర్తి కథ సమాధానం. ప్రహ్లాదుడు బలికి తాత. వామనమూర్తి రెండడుగులతో లోకాలన్నీ కొలిచి, మూడవ అడుగుకు చోటు అడిగినప్పుడు, బలి వరుణపాశాలతో బంధింపబడి యున్నాడు. సంపద పోయినది, పదవి పోయినది, గురువు శపించినాడు. ఆ వేళ బలి తలచుకొన్నది తన తాతను. తండ్రి పెట్టిన బాధలనన్నింటినీ ఓర్చి, శ్రీహరి పాదాలను తప్ప వేరొక దిక్కును ఎరుగని ప్రహ్లాదుని మార్గమే తన మార్గమని స్థిరపరచుకొన్నాడు. అంతలో ప్రహ్లాదుడే అక్కడికి వచ్చినాడు. చేతులు కట్టుబడి యున్నందున నమస్కరింపలేక, కన్నులనిండ నీరు నింపుకొని బలి తలమాత్రం వంచినాడు. భాగవతంలో మనస్సును కదిలించే ఘట్టాలలో ఇది ఒకటి; పోతనామాత్యుని తెలుగులో దీనిని చదివినవారు మరువలేరు.

తాత స్మరణ బలిని లోకబంధాలలోనికి లాగలేదు. బంధాలను విడుచుటకు బలమిచ్చినది. ఏ స్మరణ మనలను నాది, నావారు అను భావంలో ముంచునో అది మమకారం. ఏ స్మరణ ఇచ్చివేయుటకు, ఓర్చుటకు, చేసిన మాట నిలుపుకొనుటకు శక్తినిచ్చునో అది భక్తికి తోడు. తాతగారి పొలం ఎవరి వాటాకు వచ్చినదని అన్నదమ్ములు తగవుపడుటలో కూడ తాత పేరు వినబడును. ఆ పొలంలో ఆయన చేసిన పనిని తలచుకొని తమ్మునికి ఒక గట్టు వదలిపెట్టుటలో కూడ తాత పేరు వినబడును. పేరు ఒకటే, మొదటిది ఆస్తి, రెండవది స్మరణ.

కనుక కష్టపడిన తాతగారిని స్మరింపదలచిన గృహస్థులు నాలుగు పనులు చేయవచ్చును. ఇంట పెద్దవారు ఉన్నప్పుడే, ధర్మరాజు భీష్ముని అడిగినట్లు, దగ్గర కూర్చుండి అడిగి తెలిసికొనుట మొదటిది. ఏ పని చేసినారు, ఎవరు తోడున్నారు, ఏ బాకీలు తీరలేదు అని అడుగవలెను. విన్నదానిని చిన్నన్నవలె మంచిచెడులతో వ్రాసియుంచుట రెండవది. దానికి ద్విపద అక్కరలేదు, ఒక నోటుబుక్కు చాలును. ఆ కష్టానికి మూల్యం చెల్లించినవారిని, ముఖ్యంగా అవ్వలనూ, చదువు మానిన పెద్దకొడుకులనూ, ఇంటి పనిలో అరిగిపోయిన ఆడపడుచులనూ గుర్తించి, వారికో వారి సంతానానికో చేయవలసినది చేయుట మూడవది. తాతగారి పనులలో ఒకదానిని, అది పిచ్చుకలకు కంకులు కట్టుటయంత చిన్నదైనను, మన చేతులతో కొనసాగించుట నాలుగవది.

మూడు తరాలు గడచిన పిమ్మట మన పేర్లు కూడ తర్పణంలో నుండి జారిపోవును. అందుకు విచారపడవలసిన పని లేదు. బాన వెంబడి బాన తోడిన నీరు మడికి చేరి పైరైనట్లే, పేరు లేని శ్రమ కూడ ఎక్కడో ఒకచోట ఫలించియే తీరును. ఆ ఫలాన్ని స్వీకరించేవాడు మట్టి పూవులను తన పాదాల చెంత నిలుపుకొన్న శ్రీనివాసుడు. ఆయన సన్నిధికి నడచివచ్చే యాత్రికులందరూ, తమ కొరకు శ్రమించి పోయిన పెద్దలను ఒక్కసారి తలచుకొని, వారు మిగిల్చిన పనిని తమ భుజాలకు ఎత్తుకొని, తేలికైన మనస్సుతో గోవింద నామాన్ని ఉచ్చరింతురు గాక.